మూసీ ఒడ్డున హైకోర్టు: ఒకే భవనం, ఎన్ని ప్రభుత్వాలు, ఎన్ని పేర్లు

అఫ్జల్‌గంజ్ నుంచి నయాపుల్ దాటి పాతబస్తీలోకి వెళ్తుంటే కుడిచేతి వైపు, నది ఒడ్డునే, గుమ్మటాలతో ఒక పెద్ద భవనం కనిపిస్తుంది. అందరూ హైకోర్టు అనే అంటారు. ఎవరి హైకోర్టు అని అడిగితే మాత్రం వయసును బట్టి జవాబు మారుతుంది. పెద్దవాళ్లకు అది నిజాం కట్టించిన కోర్టు, వాళ్ల పిల్లలకు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఇప్పుడు లా చదువుతున్నవాళ్లకు తెలంగాణ హైకోర్టు. మధ్యలో నాలుగున్నరేళ్లు రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి హైకోర్టు కూడా ఇదే. ఇప్పుడు రాజేంద్రనగర్ దగ్గర బుద్వేల్‌లో కొత్త హైకోర్టు కడుతున్నారు కాబట్టి, ఇంకొన్నాళ్లకు ఈ భవనం ఎవరి హైకోర్టూ కాకుండా పోతుంది. అప్పుడు దీన్ని ఏం చేస్తారన్నది నన్ను గట్టిగా పట్టుకున్న ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే ముందు ఇది ఇప్పటిదాకా ఎలా నడిచిందో తెలియాలి, ఆ కథలో చిక్కుముళ్లు చాలానే ఉన్నాయి.

కథ వరదతో మొదలవుతుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమందిని మింగేసింది, నది ఒడ్డున ఉన్న పేటలకు పేటలే కొట్టుకుపోయాయి. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్. వరద మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆయన సలహాతోనే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1911లో మహబూబ్ అలీ చనిపోయి మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. వరద తుడిచిపెట్టిన నది ఒడ్డును మళ్లీ ఇరుకిళ్లకు వదిలేయకుండా, ప్రజలందరికీ పనికొచ్చే పెద్ద భవనాలు కట్టించాలన్నది అప్పటి ఆలోచన. దక్షిణపు ఒడ్డున హైకోర్టు, దాని పక్కన ఇప్పుడు సిటీ కాలేజీ అంటున్న సిటీ హైస్కూలు, అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఆ తర్వాత ఆసఫియా లైబ్రరీ. చదువు, వైద్యం, న్యాయం, పుస్తకం అన్నీ నదికి అటూ ఇటూ ఎదురెదురుగా. హైదరాబాద్ గురించి మాట్లాడితే చార్మినార్ దగ్గరే ఆగిపోతాం గానీ, ఒక నగరం పెద్ద దెబ్బ తిని లేచాక తనను తాను ఎలా కట్టుకుందో చూడాలంటే ఈ నాలుగు భవనాల్నే చూడాలి.

కోర్టు భవనం పని 1915 ఏప్రిల్ 15న మొదలై 1919 మార్చి 31న ముగిసింది. 1920 ఏప్రిల్ 20న ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. దీన్ని గీసిందెవరు అన్న దగ్గర మొదటి చిక్కు. హైదరాబాద్ కట్టడాల మీద రాసినవాళ్లు చాలామంది విన్సెంట్ ఎష్ పేరు చెబుతారు. కలకత్తా విక్టోరియా మెమోరియల్ పని చూసిన ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్ ఆయన. నిజాం పిలుపు మీద వచ్చి కాచిగూడ స్టేషన్, సిటీ హైస్కూలు, ఉస్మానియా ఆసుపత్రి కూడా ఆయనే డిజైన్ చేశారు. కోర్టు చరిత్రలో మాత్రం నక్షా గీసింది జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ అని, కట్టించింది స్థానిక ఇంజనీర్ మెహర్ అలీ ఫజల్ అని ఉంటుంది. ఇద్దరిలో ఒకరిని కొట్టేయాల్సిన అవసరం లేదనుకుంటాను. అప్పట్లో ఇలాంటి పెద్ద కట్టడాలకు ఒకరు మొత్తం రూపం ఆలోచిస్తే, ఇంకొకరు నక్షాలు, చెక్కడాలు, జాలీలు చూసుకునేవాళ్లు. తెల్లవాళ్ల పేరే ప్రచారంలో నిలిచిపోవడం మామూలే కాబట్టి, శంకర్‌లాల్ పేరు గట్టిగా చెప్పడం మన బాధ్యత కూడా. గులాబీ రంగు గ్రానైట్, ఎర్ర ఇసుకరాయి, ఎత్తయిన కమానులు, పెద్ద గుమ్మటం, దాని చుట్టూ చిన్నవి. ఇక్కడి హిందూ, ముస్లిం కట్టడాల పద్ధతులను యూరప్ పద్ధతితో కలిపిన ఈ శైలిని ఇండో సార్సెనిక్ అంటారు. ఈ చోట ఒకప్పుడు కుతుబ్‌షాహీల మహళ్లు ఉండేవని చెబుతారు.

ఇక్కడికి రాకముందు హైకోర్టు పత్తర్‌గట్టీ వైపు, ఆ తర్వాత వేరే హవేలీల్లో నడిచింది. అంటే 1920లోనే హైదరాబాద్ సంస్థానానికి హైకోర్టు కొత్తగా పుట్టలేదు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ కాలం నుంచీ పెరుగుతూ వచ్చిన న్యాయవ్యవస్థకు సొంత ఇల్లు అప్పుడు దొరికిందంతే. ఆరుగురు జడ్జీలు కూర్చోవడానికి సరిపడా కట్టారు. మొత్తం 16 జిల్లాల కేసులు ఇక్కడికి వచ్చేవి. వాటిలో ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. ఔరంగాబాద్ రైతు, గుల్బర్గా వ్యాపారి, ఓరుగల్లు ప్లీడరు ఒకే వరండాలో కనిపించేవాళ్లన్నమాట. కోర్టు భాష ఉర్దూ. వాదనలు, తీర్పులు, ఫైళ్లు అన్నీ ఉర్దూలోనే. బ్రిటిష్ ఇండియాలో హైకోర్టు తీర్పు మీద అప్పీలుకు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లేవాళ్లు, హైదరాబాద్‌లో మాత్రం నిజాం సొంత జ్యుడీషియల్ కమిటీయే ఆఖరి మాట. 1937లో నిజాం సిల్వర్ జూబ్లీ జరిగినప్పుడు ఈ భవనం నమూనాను వెండితో చేయించి కానుకగా ఇచ్చారు, అది పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఉంది.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో నిజాం పాలన పోయింది. భవనం అదే, కోర్టూ అదే, పైన ఉన్న రాజ్యం మారింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి రాగానే హైదరాబాద్ ‘పార్ట్ బి’ (పాత సంస్థానాలకు పెట్టిన వర్గం) రాష్ట్రమైంది, దాని హైకోర్టు సుప్రీంకోర్టు కిందికి వచ్చింది, ఉర్దూ స్థానంలో ఇంగ్లిష్ వచ్చింది. దశాబ్దాల పాటు ఉర్దూలో వాదించిన వకీళ్లకు ఇది చిన్న మార్పేం కాదు, నడివయసులో వృత్తిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇక రెండో చిక్కు. ఇది ఆంధ్ర వైపు నుంచి వస్తుంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న తెలుగు జిల్లాలకు హైకోర్టు మద్రాసులో ఉండేది. టంగుటూరి ప్రకాశం పంతులు బారిస్టరుగా సంపాదించిందీ, 1921లో ప్రాక్టీసు వదిలేసిందీ అక్కడే. ప్రత్యేక రాష్ట్రం కావాలనుకున్నప్పుడు కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937లో శ్రీబాగ్ ఒప్పందం కుదిరింది. రాజధాని ఒకచోట, హైకోర్టు మరోచోట, ఏది కావాలో ముందుగా ఎంచుకునే హక్కు రాయలసీమది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది, కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తి. ఆయనే తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పును 1967లో ఇచ్చారు. గుంటూరు కోర్టు కొత్తది కాబట్టి వెంటనే ఒక ప్రశ్న వచ్చింది. పాత మద్రాసు తీర్పులు దీన్ని కట్టిపడేస్తాయా లేదా? 1955లో ఎక్కువమంది జడ్జీలతో ఫుల్ బెంచ్ కూర్చుని, విడిపోక ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులకు మేమూ కట్టుబడతామని చెప్పింది.

గుంటూరులో హైకోర్టు రెండేళ్లకు పైగా ఉందంతే. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మరాఠీ జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు పోయాయి. గుంటూరు నుంచి జడ్జీలు, ఫైళ్లు, గుమాస్తాలు, లాయర్లు మూసీ ఒడ్డుకు వచ్చారు, నవంబర్ 5 నుంచి ఇది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. శ్రీకాకుళంలో ఒక కుటుంబానికి ముప్పై ఏళ్లు నడిచిన భూమి దావా ఉందనుకోండి, పైకోర్టు అంటే వాళ్లకు మొదట మద్రాసు, తర్వాత గుంటూరు, ఆ తర్వాత హైదరాబాద్. ఇల్లు, పొలం కదలకుండానే కోర్టు రెండుసార్లు ఊరు మారింది.

అప్పటి నుంచి ఈ భవనంలో జరిగింది చాలామందికి తెలియదు. రాష్ట్రం ఒకటే అయినా చట్టాలు రెండు రకాలు. కౌలుదారుల విషయంలో తెలంగాణ జిల్లాలకు 1950 నాటి హైదరాబాద్ కౌలు, వ్యవసాయ భూముల చట్టం, ఆంధ్ర జిల్లాలకు 1956 నాటి ఆంధ్ర కౌల్దారీ చట్టం. చట్టం పేరు చివర బ్రాకెట్లో ‘ఆంధ్ర ఏరియా’ అనో, ‘తెలంగాణ ఏరియా’ అనో ఉండేది. ఒకే కోర్టు హాలులో ఉదయం నల్గొండ కేసు ఒక చట్టం కింద, మధ్యాహ్నం కృష్ణా జిల్లా కేసు ఇంకో చట్టం కింద నడిచేవి. రాష్ట్రాలు కలవడం, విడిపోవడం గురించి రాజకీయంగా ఎంతో రాశారు, ఇంకా రాస్తున్నారు. ఆ కలయిక రోజువారీగా ఎక్కడెక్కడ అతుక్కుందో, ఎక్కడ అతుక్కోలేదో చూడాలంటే మాత్రం ఈ కోర్టు హాళ్లలో నడిచిన పాత భూమి కేసులు చదవాలి. నా దృష్టిలో ఈ భవనానికి ఉన్న అసలు విలువల్లో అదొకటి.

ఇంతలో కేసులు పెరిగాయి, జడ్జీలు పెరిగారు. ఆరుగురి కోసం కట్టిన చోట వెనకా పక్కనా కొత్త బ్లాకులు లేచాయి. లాయర్ల గదులు, టైపిస్టులు, జిరాక్సు మిషన్లు, ఫైళ్ల బీరువాలు, ఏసీలు, వైర్లు. 2009 ఆగస్టు 31న పాత భవనంలో మంటలు లేచి పై అంతస్తు, లైబ్రరీ బాగా దెబ్బతిన్నాయి, ఎన్నో పాత న్యాయశాస్త్ర పుస్తకాలు కాలిపోయాయి. భవనాన్ని మళ్లీ బాగుచేశారు, కోర్టు నడిచింది. రాయిని మళ్లీ చెక్కించుకోవచ్చు గానీ కాలిన పుస్తకం తిరిగి రాదు, ఆ నష్టం గురించి అప్పట్లో జరగాల్సినంత చర్చ జరగలేదనే నా బాధ.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. విభజన చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు ఏర్పడే దాకా హైదరాబాద్‌లోదే రెండింటికీ ఉమ్మడి. బోర్డు మీద పేరు చాంతాడంత అయింది. రెండు రాష్ట్రాల ప్రభుత్వాల మధ్య గొడవలు కూడా ఈ కోర్టులోనే, రెండు ప్రాంతాల నుంచి వచ్చిన జడ్జీల ముందే నడిచాయి. తెలంగాణ లాయర్లు హైకోర్టు విభజన కోసం ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. చివరికి 2018 డిసెంబర్ 26న రాష్ట్రపతి నోటిఫికేషన్ వచ్చింది, 2019 జనవరి 1 నుంచి రెండు హైకోర్టులు. మధ్యలో ఉన్నది వారం రోజులు కూడా కాదు. ఆ కాస్త టైములో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విజయవాడలో ముఖ్యమంత్రి క్యాంపు ఆఫీసులోకి మారింది, ముఖ్యమంత్రి కూర్చున్న గదుల్లో బెంచీలు వేశారు. ఫిబ్రవరిలో అమరావతిలోని నేలపాడులో తాత్కాలిక భవనం ప్రారంభమైంది, మార్చి నుంచి కోర్టు అక్కడ నడుస్తోంది. శాశ్వత హైకోర్టు కట్టాక నేలపాడు భవనాన్ని సిటీ సివిల్ కోర్టుకు ఇవ్వాలన్నది అప్పటి ప్లాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఇదే మాట వినిపిస్తోంది.

విడిపోయాక మూసీ ఒడ్డున రద్దీ తగ్గుతుందనుకున్నారు. 2021లో తెలంగాణ హైకోర్టు జడ్జీల సంఖ్యను 24 నుంచి 42కు పెంచారు. ఆరుగురికి కట్టిన భవనం, 42 మంది జడ్జీలు. ఎన్ని అదనపు బ్లాకులు ఉన్నా ఇది సరిపడే లెక్క కాదు. పార్కింగ్ లేదు, వాయిదాకు ఆదిలాబాద్ నుంచి వచ్చిన కక్షిదారు కూర్చోవడానికి చోటు లేదు. 2023 డిసెంబర్‌లో రాజేంద్రనగర్ దగ్గర 100 ఎకరాల్లో కొత్త హైకోర్టు కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది, 2024 మార్చి 27న బుద్వేల్‌లో అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి డీవై చంద్రచూడ్ శంకుస్థాపన చేశారు. ఆ భూమి వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలది. ఇవ్వొద్దని విద్యార్థులు గట్టిగా పోరాడారు, వాళ్ల వాదనలో న్యాయం ఉంది, పరిశోధన పొలాలు, చెట్లు పోతే మళ్లీ రావు. ఆ చర్చ వేరే వ్యాసానికి సరిపోయేంత ఉంది. హైకోర్టుకు పెద్ద చోటు కావాలన్న దాంట్లో మాత్రం నాకు అనుమానం లేదు.

మరి పాత భవనం? వారసత్వ కట్టడం కాబట్టి కాపాడతాం, మరమ్మతు చేయించి సిటీ కోర్టుకో, వేరే కోర్టుకో వాడతాం అని ముఖ్యమంత్రి అప్పుడే చెప్పారు. వినడానికి బాగుంది. అయితే కోర్టులు వెళ్లిపోయిన కోర్టు భవనాలకు వేరేచోట్ల ఏమైందో చూస్తే, మాటకూ అమలుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో తెలుస్తుంది.

అమెరికాలో సెయింట్ లూయిస్ పాత కోర్టుహౌస్ ఉంది. బానిసత్వం నుంచి విముక్తి కోసం డ్రెడ్ స్కాట్, ఆయన భార్య హ్యారియెట్ వేసిన దావా మొదట విచారణకు వచ్చింది అక్కడే. 1930లో కోర్టులు కొత్త భవనానికి మారిపోగానే, స్థలం దానం చేసిన కుటుంబాల వారసులు కోర్టుకెక్కారు. కోర్టు కోసమని ఇచ్చాం, కోర్టు లేనప్పుడు భూమి మాకు తిరిగి రావాలి అన్నది వాళ్ల వాదన, అది నెగ్గలేదు. 1940లో ఫెడరల్ ప్రభుత్వం చేతికి వెళ్లి ఇప్పుడు నేషనల్ పార్కులో భాగంగా మ్యూజియం అయింది. అంటే మధ్యలో పదేళ్లు గాలికి ఉంది. సింగపూర్ సుప్రీంకోర్టు 1939 నాటిది, 2005లో కోర్టు కొత్త చోటికి మారాక, పక్కనున్న సిటీ హాలుతో కలిపి 2015లో నేషనల్ గ్యాలరీగా తెరిచారు. ఖైదీలను ఉంచిన గదులను కూడా చెరపకుండా జనానికి చూపిస్తున్నారు. అక్కడా పదేళ్లు పట్టింది, వాళ్లు డబ్బు ధారాళంగా పెట్టారు కాబట్టి భవనం నిలబడింది. మద్రాసులో దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఉంది. 1892లో ఇప్పటి ఎర్ర భవనంలోకి రాకముందు మద్రాసు హైకోర్టు బెంటింక్ బిల్డింగ్‌లో నడిచేది, మన తాతముత్తాతల దావాలు తేలింది అక్కడే. తర్వాత అది కలెక్టరాఫీసు అయింది, 1990ల్లో కూల్చేసి కొత్త భవనం కట్టారు.

అంత దూరం ఎందుకు, నదికి అవతలి ఒడ్డు చూడండి. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం పెచ్చులూడుతూ ఏళ్లు గడిపింది. 2020 జులైలో వార్డుల్లోకి వాననీళ్లు, మురికినీళ్లు వచ్చాక రోగుల్ని అక్కడి నుంచి తరలించి తలుపులు మూశారు. కూల్చాలా వద్దా అన్న వ్యాజ్యాలు ఈ ఒడ్డున ఉన్న హైకోర్టులో ఏళ్ల పాటు నడిచాయి. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఒకే వరద తర్వాత, ఒకే ఆలోచనతో పుట్టిన రెండు భవనాల్లో ఒకటి మనుషులు ఖాళీ చేయగానే ఎంత తొందరగా పాడవుతుందో మనం కళ్లారా చూస్తున్నాం. రోజూ జనం తిరిగే భవనంలో చినుకు కారితే ఎవరో ఒకరు అరుస్తారు, తాళం వేసిన భవనంలో కప్పు కూలే దాకా ఎవరికీ తెలియదు.

చట్టం కాపాడదా అంటే, కాపాడుతుంది, కొంతవరకు. హైదరాబాద్‌లో పాత కట్టడాలకు ‘రెగ్యులేషన్ 13’ అనే పట్టణాభివృద్ధి నిబంధన అండగా ఉండేది. 2015లో ప్రభుత్వం దాన్ని తీసేసింది, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఆ తర్వాత కొత్త అసెంబ్లీ కోసం ఇర్రమ్ మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చాలని మంత్రివర్గం నిర్ణయిస్తే, 2019 సెప్టెంబర్‌లో ఈ హైకోర్టే ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. పాత నిబంధన కింద రక్షణ పొందిన కట్టడాల విలువ, నిబంధన తీసేసినంత మాత్రాన గాల్లో కలిసిపోదని దాని సారాంశం. ఇర్రమ్ మంజిల్ కూలలేదు, నిజమే. కూల్చకుండా ఆపడం వరకే కోర్టు చేయగలిగింది. కప్పు బాగుచేయించమని, రోజూ ఊడ్పించమని, కరెంటు వైర్లు మార్చమని, ఏటేటా బడ్జెట్ పెట్టమని ఏ తీర్పూ శాశ్వతంగా చూసుకోలేదు. అది వాడుకునేవాళ్ల పని.

అందుకే సిటీ సివిల్ కోర్టు ఆలోచన నాకు మ్యూజియం ఆలోచన కంటే నచ్చుతుంది. మొత్తం భవనాన్ని మ్యూజియం చేస్తే మొదటి ఏడాది రిబ్బన్ కటింగ్, తర్వాత ఇద్దరు వాచ్‌మన్లు, టికెట్ కౌంటర్ మిగులుతాయనే భయం. పైగా చుట్టూ ఘాన్సీ బజార్, మదీనా, పత్తర్‌గట్టీ, అంతా కోర్టు మీద బతికే జనం. స్టాంప్ వెండర్లు, నోటరీలు, జిరాక్సు షాపులు, హోటళ్లు. కోర్టు ఏదో ఒకటి ఉంటే వాళ్లూ ఉంటారు. అయితే జిల్లా స్థాయి కోర్టులను అలాగే తెచ్చి ఆరుగురి భవనంలో కుక్కితే 2009 మళ్లీ రావడానికి ఎంతో కాలం పట్టదు. పాత కోర్టు హాళ్లలో కొన్ని బెంచీలే నడవాలి, ఫైళ్ల గోడౌను, క్యాంటీన్, ఆఫీసులు వెనక బ్లాకుల్లో ఉండాలి, పాత గోడలకు మేకు కొట్టాలన్నా వారసత్వ నిపుణుల అనుమతి కావాలి. మధ్య హాలు, లైబ్రరీ వారానికి రెండు రోజులైనా మామూలు జనానికి తెరవాలి, ఎందుకంటే వందేళ్లుగా ఈ భవనం లోపలికి కేసు ఉన్నవాళ్లు తప్ప ఎవరూ పెద్దగా అడుగుపెట్టలేదు. మూసీ సుందరీకరణ అంటున్నారు కాబట్టి నది వైపు ముఖద్వారాన్ని కూడా ఆ ప్లానులోనే చూసుకోవాలి, నది ఒడ్డుకు ముందు రోడ్డు వేసి, భవనం సంగతి తర్వాత అంటే కుదరదు.

ఇవన్నీ బుద్వేల్‌లో మొదటి కేసు పిలిచే రోజుకు ముందే రాతపూర్వకంగా, పేరూ బడ్జెట్టూ తేదీతో సహా తేలాలి. ఎవరి చేతికి ఇస్తున్నారు, హైకోర్టుకేనా, రోడ్లు భవనాల శాఖకా, పురావస్తు శాఖకా? తాళంచెవి ఏ రోజు ఎవరి చేతికి మారుతుంది? ఖాళీ చేసిన రోజుకూ కొత్తవాళ్లు వచ్చే రోజుకూ మధ్య కాపలా, మరమ్మతు ఎవరి ఖర్చు? ఇంకో విషయం ఎవరూ అడగడం లేదు. 1948కి ముందు నాటి ఉర్దూ తీర్పులు, దావా పత్రాలు ఎంత మిగిలి ఉంటే అంత, వాటిని కొత్త కోర్టుకు తీసుకెళ్తారా, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పంపుతారా, ఇక్కడే ఉంచుతారా? వాటిని చదవగలిగిన ఉర్దూ తెలిసిన రికార్డు కీపర్లు, లాయర్లు ఇప్పటికే పెద్దవాళ్లు. వాళ్లను కూర్చోబెట్టి ఆ కాగితాలకు జాబితా రాయించే పని, కొత్త భవనం పని జరుగుతున్న ఈ రోజుల్లోనే మొదలుపెట్టాలి.